వన్స్‌మోర్ లూకా

లూకా అంటే తెనాలిలో ఎవరికీ తెలియదు. వన్స్‌మోర్ లూకా అనండి, రిక్షా తొక్కేవాడు కూడా పకపకా నవ్వుతాడు. పదిహేడేళ్ళు గుద్దులు తిని, గుద్దులు పెట్టి, ఎనభై రెండులో రాష్ట్రం కప్పు ఎత్తుకొచ్చిన మనిషికి చివరికి ఊరు మిగిల్చిన బిరుదు అది. ఆ బిరుదు ఇప్పించిన పుణ్యాత్ముడు ఆయన శిష్యుడు ప్రకాశం.

ప్రకాశానిది భట్టిప్రోలు. తల్లి కృపమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళి వాణ్ణి పెంచింది. పదమూడో ఏట రేపల్లె తీసుకొచ్చి లూకా చేతిలో పెట్టింది. "అయ్యా, వీడికి ఒళ్ళంతా పొగరే. ఏదన్నా పనికొచ్చేట్టు చెయ్యి" అంది. లూకా పగలు బియ్యం బస్తాలు మోసేవాడు. సాయంత్రం చర్చి వెనక ఖాళీ జాగాలో ఇసక మూట వేలాడదీసి కుర్రాళ్ళకు బాక్సింగ్ నేర్పేవాడు. ప్రకాశం తొమ్మిదేళ్ళు ఆ ఇంటి అన్నం తిన్నాడు, ఆయన్ని బాబాయ్ అని పిలిచాడు.

లూకా నేర్పిన పాఠం ఒక్కటే. "ఒరేయ్, ఎదుటోడికి నెప్పి ఎక్కడుందో కనిపెట్టు. కనిపెట్టాక ఇక అక్కడే కొట్టు. ఇంకోచోట కొట్టేవాడు బావమరిది అవుతాడు గానీ బాక్సర్ అవడు." ఎనభై రెండు ఫైనల్లో బాపట్ల బ్రహ్మయ్యను ఎలా పడగొట్టిందీ చెప్పి మరీ నవ్వేవాడు. జాలి అనేది ఆయనకు ఆదివారం పూట చర్చిలో మాత్రమే గుర్తొచ్చే సరుకు.

ఆ లూకాకే నెప్పి తగులుకుంది. ఎనభై తొమ్మిదిలో బాపట్ల పోటీల్లో ఎడమ కంటి మీద ఒక దెబ్బ పడింది. వారం తిరిగేసరికి ఆ కన్ను మసకబారింది, నెల తిరిగేసరికి చూపు పూర్తిగా పోయింది. పైకి మాత్రం కన్ను కన్నులాగే ఉంది. ప్రకాశమే గుంటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తిరుగు బస్సులో, పొన్నూరు దాటాక, లూకా సంచిలోంచి బైబిలు తీసి వాడి చెయ్యి దాని మీద పెట్టించాడు.

"ఈ సంగతి నీకూ నాకూ ప్రభువుకీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. ఒంటికన్నోణ్ణని తెలిస్తే నాకు ఏ పనీ ఇవ్వరు."

"ఎవరికీ చెప్పను బాబాయ్" అన్నాడు ప్రకాశం. నిజమే, చెప్పలేదు. వాడు మాట తప్పాడని ఎవరూ అనడానికి లేదు.

తెనాలిలో బసవేశ్వరరావుగారని రైసుమిల్లు ఆసామి ఉన్నాడు. ఆయనకు రెండు పిచ్చులు, నాటకాలు ఒకటి, చప్పట్లు రెండోది. తొంభై ఒకటిలో తండ్రి పేరున వ్యాయామశాల కట్టించి, దానికి బాక్సింగ్ కోచ్ కావాలన్నాడు. నెల జీతం, ఉండటానికి డాబా గది. లూకాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, నడుం బస్తాలకు లొంగిపోయింది. ఆ ఉద్యోగం కోసం ఏడాదిపాటు ఆయన గుమ్మం ముందు చెప్పులు విడిచాడు.

"నువ్వు రిటైరవుతున్నావుగా లూకా, సన్మానం చేద్దాం" అన్నాడు బసవేశ్వరరావు. "మన పరిషత్తు నాటకాలు ఆడేది రాత్రిళ్ళు. మధ్యాహ్నం హాలు ఖాళీయే. స్టేజీ మీద నీ ఆఖరి ఆట పెడదాం, నీ శిష్యుడితోనే. జనమే జడ్జీలు. నువ్వు నిలబడ్డావా, ఉద్యోగం నీది."

"అట్టాగేనండి. తమ దయండి."

లూకా గుమ్మం దాటాక, వెంట వచ్చిన ప్రకాశాన్ని ఆయన వెనక్కి పిలిచాడు. "ఏరా, ఆయనే ఉండాలని నాకేం లేదు. నిలబడ్డవాడికే ఉద్యోగం. ఎవరైనా నాకొకటే" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పెద్దమనుషులు అగ్గిపుల్ల గీసి ఇస్తారు గానీ కొంప మాత్రం అంటించరు గదా.

ఆట రోజు మధ్యాహ్నం మూడింటికి హాలు కిటకిటలాడింది. స్టేజీ మీద నాలుగు గుంజలు నిలబెట్టి మిల్లు మోకులు కట్టారు. తెర వెనక లూకా చేతులకు గుడ్డ చుట్టించుకుంటూ ప్రకాశం చెవిలో చెప్పాడు.

"నా ఎడమ పక్కకి రామాకు. మూడు రౌండ్లూ కుడి పక్కనే తిరుగు. జనానికి నాలుగు చప్పుళ్ళు వినపడితే చాలు. ఉద్యోగం రానీ, నువ్వే నా అసిస్టెంటువి."

"అట్టాగే బాబాయ్" అన్నాడు ప్రకాశం. అనేటప్పుడు అబద్ధమని వాడికే తెలియదు. ఆ మాత్రం వాడి తరఫున చెప్పాలి.

ముందు ఉపన్యాసాలు. లూకా గొప్పతనం చెప్పమని బాపట్ల నుంచి బ్రహ్మయ్యను పిలిపించారు. ఆయన మైకు పట్టుకుని దగ్గాడు.

"లూకా చాలా గొప్పోడండి. ఫైనలుకు ముందురోజు నా పక్కటెముక చిట్లింది. ఎవరు చెప్పారో ఏమో, తొమ్మిది నిమిషాలూ అక్కడే కొట్టాడండి. మొహం మీద ఒక్కటంటే ఒక్కటి కొట్టలా. ఇప్పటికీ తుమ్మినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడండి."

హాలు గొల్లుమంది. లూకా అది పొగడ్తే అనుకుని తల వంచి దణ్ణం పెట్టాడు. ప్రకాశం మాత్రం నవ్వలేదు. పాఠం మళ్ళీ మొదటినుంచీ చదివినట్టయింది వాడికి.

మొదటి రౌండు మాట ప్రకారమే నడిచింది. ప్రకాశం కుడి పక్కనే తిరిగాడు, గ్లవ్స్ మీద టపటపా తట్టాడు. జనానికి విసుగొచ్చింది. "ఏంటయ్యా ఇది, పోటీయా పరామర్శా?" అని వెనక బెంచీలోంచి ఎవడో అరిచాడు. ముందు వరసలో బసవేశ్వరరావు ఆవలించి గడియారం చూసుకున్నాడు. ఆ ఆవలింత ప్రకాశం చూశాడు. భట్టిప్రోలులో మోకాళ్ళు పట్టేసి, అయినా బురదలోకి దిగే తల్లి కనిపించింది వాడికి. డాబా గది కూడా కనిపించింది. ఏది ముందు కనిపించిందో మనం అడక్కపోవడమే మంచిది.

రెండో రౌండులో ఒక్క అడుగు ఎడమ పక్కకు వేశాడు. లూకా ఇంకా కుడి పక్కనే చూస్తున్నాడు. ప్రకాశం బలం కొద్దీ కొట్టాడు. బస్తా దించినట్టు పడ్డాడు లూకా.

తెర లాగేవాడికి నాటకాల అలవాటు. మనిషి పడగానే తెర దించేశాడు. ఆ తెర వెనక లూకా మోచేతి మీద లేచి, రహస్యంగా, కోపం లేకుండా అన్నాడు. "ఒరేయ్, పొరపాటున అటొచ్చావు. అటు కాదురా."

బయట జనం లేచి నిలబడ్డారు. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

తెనాలి సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. అక్కడ పద్యం బాగుంటే వన్స్‌మోర్ కొడతారు. కొడితే మళ్ళీ పాడాల్సిందే. స్టేజీ మీద చచ్చిపడిన పాత్రయినా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. కాదన్న నటుడు ఆ ఊళ్ళో రెండోసారి రంగు పూసుకోలేదు.

"తెర ఎత్తండ్రా!" అని ఉత్సాహంగా కేకేశాడు బసవేశ్వరరావు. ఆయన ఆవలింత ఎటుపోయిందో పోయింది.

లూకా లేచాడు. ప్రకాశం మళ్ళీ ఎడమ పక్కకే వెళ్ళాడు. ఈసారి అది పొరపాటు కాదని లూకాకు దెబ్బ కంటే ముందే అర్థమైంది. పడ్డాడు. మళ్ళీ వన్స్‌మోర్. లేచి, ఈసారి చెవి అటు తిప్పి అడుగుల చప్పుడు వింటున్నాడు. ప్రకాశం ఊపిరి బిగబట్టి, చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాడు.

అప్పుడు బ్రహ్మయ్య కుర్చీలోంచి లేచాడు. ఇలాంటి దెబ్బ రుచి తెలిసినవాడు ఆ హాలంతటికీ ఆయనొక్కడే.

"ఆపండయ్యా! ఆయనకు ఆ పక్క కనపట్టంలేదు! ఆ కుర్రాడికి తెలుసది, తెలిసే కొడుతున్నాడు!"

ప్రకాశం చెయ్యి గాల్లో ఆగిపోయింది. బసవేశ్వరరావు ముందుకు వంగాడు. "ఏం లూకా? నిజమేనా?"

ఒక్క మాట, అవునండి అంటే చాలు, దెబ్బలు ఆగేవి. దాంతోపాటు ఉద్యోగమూ పోయేది. లూకా రక్తం కారుతున్న మొహంతో జనం వైపు తిరిగాడు.

"అబద్ధమండి! నాకు రెండు కళ్ళూ సుబ్బరంగా కనపడుతున్నాయండి! కొట్టమనండి!"

జనం చప్పట్లు కొట్టారు. ప్రకాశం కొట్టాడు.

ఆ తర్వాత లూకా లేవలేదు. నీళ్ళు చల్లి, కుర్చీలో కూలేసి, శాలువా కప్పారు. "లూకా మంచి బాక్సరే, కాదనను. కాకపోతే సరుకైపోయింది" అని బసవేశ్వరరావు మైకులో తీర్పు చెప్పి, వ్యాయామశాల తాళంచెవి ప్రకాశం చేతిలో పెట్టాడు. పదిహేడేళ్ళ లెక్క ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది.

సాయంత్రం రేపల్లె బండి ఎక్కించడానికి ప్రకాశమే వచ్చాడు. లూకా కుడి కన్ను కూడా వాచి సన్నని గీతలా మిగిలింది. చెయ్యి పట్టుకుని పెట్టెలోకి ఎక్కించి, కిటికీ పక్కన కూచోబెట్టాడు. సిగ్గుతో వాడు కుంచించుకుపోయాడు. ఏడుపు మాత్రం రాలేదు. రాకపోతుంటే వాడికి తన మీద తనకే భయమేసింది.

"బాగా కొట్టావురా. నేను చెప్పింది ఒంటబట్టింది నీకు" అన్నాడు లూకా.

ప్రకాశం దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నాడు. లూకా కాసేపు శాలువా అంచు తడుముకున్నాడు. తర్వాత, పసిపిల్లవాడిలా గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరేయ్, వన్స్‌మోర్ అన్నారు గదా. తెనాలోళ్ళు ఊరికే అనరు. అది నీకా, నాకా?"

ప్రకాశం జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది.

"నీకే బాబాయ్."

"అదీ!" అన్నాడు లూకా. చిట్లిన పెదవులు నవ్వితే మండాయి, అయినా నవ్వాడు. "ఉద్యోగం పోతే పోయింది. తెనాలిలో వన్స్‌మోర్ అంటే మాటలట్రా."

బండి కదిలింది. ప్లాట్‌ఫారం చివర పల్లీలమ్మే మనిషి గుర్తుపట్టి, "అదుగో, వన్స్‌మోర్ లూకా!" అని ఎగతాళిగా కేకేశాడు. నలుగురు నవ్వారు. కేక ఎడమ పక్కనుంచి వచ్చింది. లూకా తలంతా అటు తిప్పి, కనపడని ఆ మనుషులకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.