రంగీని పిలిచిన గొంతు

అన్నపూర్ణ మంచును చూసింది ఫ్రిజ్ లోపలే. అయినా పట్నం శివార్లలోని కిష్టారెడ్డిపేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని, నార్వే కొండల మీద జరిగే కంప్యూటర్ ఆట ఒకటి తయారుచేస్తూ ఉండేది. రెండువేల ఏడో సంవత్సరం సంగతి. వెనక కంపెనీ ఏదీ లేదు. ఆమె, బొమ్మలు వేసే లింగం, రెండు కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడల్లా కీచుమని ఏడ్చే ఒక యూపీఎస్. అంతే.

ఆమె తండ్రి చలపతిరావు ఏలూరు వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ కర్మాగారం టౌన్‌షిప్ లైబ్రరీలో చిన్నప్పుడు ఆమెకు ఉత్తరాది దేశాల జానపద కథల పుస్తకం దొరికింది. ఆ కథల్లో కొండల లోపల కంటికి కనపడని జనం ఉంటారు. వాళ్ళ ఆడవాళ్ళు మహా అందగత్తెలు, కాకపోతే వెనక ఆవు తోక ఉంటుంది. మేతకు వెళ్ళిన ఆవుల్ని వాళ్ళు కొండలోకి లాగేసుకుంటారు. అన్నపూర్ణ ఆటలో ఒక పిల్ల అలా పోయిన ఆవుల్ని వెతుక్కుంటూ కొండలెక్కుతుంది. ప్రతి మలుపులోనూ నిలబడి గొంతెత్తి పిలుస్తుంది. పిలుపు సరిగ్గా పడితే కొండ తెరుచుకుంటుంది.

"తోక ఉన్న ఆడదాన్ని గీయించడానికా నిన్ను ఇంజనీరింగ్ చదివించాం?" అని తల్లి కనకమహాలక్ష్మి అడిగేది.

బొమ్మలకు ఇబ్బంది రాలేదు. లింగం ఇస్నాపూర్ వాడు. దుకాణాల బోర్డులు రాస్తూ రాస్తూ కంప్యూటర్ నేర్చుకున్నాడు. చలికాలం పొద్దున ఫ్యాక్టరీల పొగ రోడ్డు మీదికి దిగి లారీల చక్రాలను మింగేస్తుంటే నిలబడి చూశాడు. చూసి, అదే పొగను కొండలోయలో మంచులా పరిచాడు. చూసినవాళ్ళకు చలి వేసింది.

ఇబ్బందంతా పిలుపుతోనే. ఆ దేశాల్లో పశువుల్ని మేపే ఆడవాళ్ళు కొండ మీద నుంచి సన్నగా, ఎత్తుగా, కోసుకుపోయేలా పిలుస్తారట. అన్నపూర్ణ తానే ప్రయత్నించింది. వంటింట్లోంచి తల్లి వచ్చి బల్లి మీద పడిందా అని అడిగింది. పట్నం నుంచి సంగీతం నేర్చుకున్న అమ్మాయిని పిలిపించారు. ఆ అమ్మాయి శ్రుతి చూసుకుని, కళ్ళు మూసుకుని, ఆవుల్ని ఎంత భక్తిగా పిలిచిందంటే అవి వచ్చి ఎదురుగా కూర్చుని తాళం వేసేలా ఉంది గాని, కొండ మాత్రం తెరుచుకునేలా లేదు.

ఒకనాటి సాయంత్రం ఏదో పని మీద అన్నపూర్ణ ఇస్నాపూర్‌లో లింగం ఇంటికి వెళ్ళింది. టీ గ్లాసు చేతిలోకి తీసుకుందో లేదో, పెరటివైపు నుంచి ఒక కేక లేచింది. కిరాయి గదుల రేకుల మీదుగా, హైవే మీద లారీల హారన్ల మీదుగా ఆ కేక సాగి సాగి, చివర్న విరిగి, మళ్ళీ పైకి లేచింది. లింగం తల్లి మొగులమ్మ గోడ ఎక్కి నిలబడి, ఫ్యాక్టరీ ప్రహరీ దాకా పోయిన తన బర్రెను పిలుస్తోంది.

"హో... రంగీ... రావే... ఓ... హో..."

టీ చల్లారిపోయింది. మర్నాడు అన్నపూర్ణ మైకుతో వచ్చింది.

"ఏంది బిడ్డా, నా లొల్లిని టేపుల ఎక్కిచ్చుకుంటవా? వినేటోల్లకు పనీపాటా లేదా?" అని మొగులమ్మ నవ్వింది గాని, మైకు ముందు ఒక్కసారి కూడా తడబడలేదు. మైకు అక్కడుందన్న సంగతే ఆమె పట్టించుకోలేదు. ఆమె చూపంతా రంగీ మీదే ఉంది.

ఆట పూర్తయి ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చేముందు, పనిచేసినవాళ్ళ పేర్లు రాయాల్సి వచ్చింది. అన్నపూర్ణ చాలాసేపు ఆలోచించింది. మంచు, దేవదారు చెట్లు, తోక ఉన్న సుందరి, చివర్న 'పిలుపు: మొగులమ్మ, ఇస్నాపూర్' అంటే కట్టిన మాయంతా కూలిపోతుందని భయపడింది. ఎవరి పేరూ లేకుండా 'పిలుపు: సంప్రదాయం' అని రాసి ఊరుకుంది.

"మా అమ్మ పేరు రాస్తే ఆట ఖరాబైతదా అక్కా?" అన్నాడు లింగం.

"అలా కాదు లింగం. ఆడేవాళ్ళు ఆ లోకంలోంచి బయటికి వచ్చేస్తారు."

"మా అమ్మ బయటనే ఉన్నది కదా," అని లింగం తన కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

ఆట విపరీతంగా అమ్ముడుపోలేదు గాని, కొన్నవాళ్ళు విపరీతంగా ప్రేమించారు. చర్చల పేజీల్లో రోజూ పొగడ్తలే. అక్కడ పుట్టిపెరిగినవాడు తప్ప ఇంకొకడు ఇలాంటి మంచు వేయలేడని ఒకడు తేల్చాడు. ఆ పిలుపు వింటుంటే తన నెత్తురులో పూర్వీకులు కదిలారని ఇంకొకడు రాశాడు. మూడోవాడు పండితుడు. 'రంగీ' అన్న శబ్దాన్ని పట్టుకుని, దానికి ఏదో ప్రాచీన కొండదేవత పేరుతో చుట్టరికం కలిపి, రెండు పేజీల వ్యాసం దించాడు. అన్నపూర్ణ అది చదివి నవ్వుకుంది. కాస్త గర్వపడింది కూడా. ఎవరినీ సరిదిద్దలేదు.

అప్పుడు గున్‌హిల్డ్ అనే ఆవిడ దగ్గర నుంచి ఈమెయిలు వచ్చింది. ఆవిడ నార్వేలో ఒక జానపద గీతాల భాండాగారంలో పనిచేస్తుంది. మేనల్లుడు ఆడుతుంటే పక్కగదిలోంచి విన్నదట. ఆ పిలుపు తమ లోయదని, తన అమ్మమ్మ తరంతో పోయిందని, తమ దగ్గరి పాత టేపుల్లో ఒకటి ఏళ్ళ కిందట మాయమైందని రాసింది. ఆ టేపు మీ చేతికి ఎలా వచ్చిందో దయచేసి చెప్పండి అని మర్యాదగా అడిగింది.

అన్నపూర్ణ వెంటనే జవాబు రాయడానికి కూర్చుంది. ఈసారి దాచకుండా ఉన్నదున్నట్టు రాసింది: అది నా స్నేహితుడి తల్లి గొంతు, ఇస్నాపూర్‌లో తన బర్రెను పిలుస్తోంది.

'మీ హాస్యం బాగుంది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది,' అని జవాబు వచ్చింది. గాయని పేరు ఉంటే ముందే వేసేవారు కదా అని కూడా అడిగింది. వారం తిరక్కుండానే, భాండాగారం నుంచి ఫిర్యాదు అందుకుని, ఆట అమ్ముతున్న వెబ్‌సైట్ వాళ్ళు సంగతి తేలేదాకా దాన్ని అమ్మకం నుంచి తీసేశారు.

లింగం ఎప్పటిలాగే వచ్చి తన బొమ్మల పని చేసుకున్నాడు. దాంతో అన్నపూర్ణకు ఇంకా సిగ్గేసింది. తానే ఇస్నాపూర్ వెళ్ళి మొగులమ్మకు జరిగిందంతా చెప్పింది.

"నా గొంతును ఇంకొకరి గొంతు అంటున్నరా?" అంది మొగులమ్మ, బియ్యం చెరుగుతున్న చేట ఆపి.

"అవును పెద్దమ్మా. తప్పు నాదే. నీ పేరు రాయలేదు. ఇప్పుడు నువ్వు పిలుస్తుంటే వీడియో తీసి పంపిస్తే నమ్ముతారు."

"ఏం జూసి పిలవాలె? రంగీని అమ్మేసిన. ఫ్యాక్టరీల మురికి కలిసిన కుంట నీళ్ళు తాగి రెండుసార్లు పడిపోయె పాపం. బర్రె లేకుంట గాలిని పిలిస్తే వాడకట్టోల్లు నాకు పిస్స లేసిందంటరు."

ఎంత బతిమాలినా ఆమె ఉత్తినే కేక వేయనంది. చివరికి పక్కింటి జంగయ్య బర్రెను అడిగి తెచ్చారు. "నా బర్రె మా మంచిది. ఒక్క పిలుపుకే వస్తది, సూడుండ్రి," అని జంగయ్య హామీ ఇచ్చాడు. దాన్ని ఖాళీ ప్లాట్ల అవతల గడ్డిలో వదిలారు. లింగం కెమెరా పట్టుకున్నాడు. వాడకట్టంతా గోడల మీదికి ఎక్కింది. మొగులమ్మ కొత్త చీర కట్టుకుని, గోడ మీద నిలబడి, గొంతెత్తింది.

కేక వెళ్ళింది. బర్రె తల ఎత్తలేదు.

మళ్ళీ పిలిచింది. అది తోకతో ఈగను తోలుకుని, గడ్డి పీకింది. గోడల మీద కిసకిసలు మొదలయ్యాయి. మూడోసారికి మొగులమ్మ మెడనరాలు ఉబ్బాయి. ఈసారి కేక ఎంత ఎత్తుకు లేచిందంటే హైవే పక్కన లారీ డ్రైవర్లు వెనక్కి తిరిగి చూశారు. బర్రె కూడా తిరిగింది, అవతలివైపుకు.

"నీ నోట్ల మన్నువడ! చెవులల్ల సీసం పోసిన్రా నీకు? గడ్డి కనవడితే లోకం కనవడదా, పీనుగా!" అని అదే గొంతుతో, అదే శ్రుతిలో మొగులమ్మ తిట్లందుకుంది. లింగం కెమెరా ఆపబోతే అన్నపూర్ణ వద్దని సైగ చేసింది.

ఆ వీడియో ఉన్నదున్నట్టు నార్వే వెళ్ళింది.

గున్‌హిల్డ్ జవాబులో క్షమాపణలు బోలెడు. పిలుపు విన్నప్పుడు కూడా తనకు ఇంకా అనుమానం ఉండిందట. తిట్లు మొదలయ్యాక పోయిందట. ఆవులు రానప్పుడు తన అమ్మమ్మ కూడా సరిగ్గా అలాగే తిట్టేదట. టేపుల్లో ఆ భాగాన్ని మర్యాద కోసం ఎవరో కత్తిరించేశారట. మొగులమ్మ గారి అనుమతి ఉంటే ఈ వీడియోను తమ భాండాగారంలో పెట్టుకుంటామని అడిగింది.

ఆట మళ్ళీ అమ్మకానికి వచ్చింది. ఈసారి పేర్ల జాబితాలో మొదటి వరసలోనే 'పిలుపు: మొగులమ్మ, ఇస్నాపూర్' అని ఉంది. రెండు రోజుల్లో చర్చల పేజీ నిండిపోయింది. ఆ గొంతులో ఏదో తేడా ఉందని తనకు మొదటి నుంచీ అనిపించిందని నెత్తురు కదిలినవాడు రాశాడు. చెవి తెలిసినవాడెవడూ దీన్ని నార్వే గొంతు అనుకోడని పండితుడు తీర్పు చెప్పాడు. మంచు కూడా ఇప్పుడు చూస్తే పొగలా ఉందని ఇంకెవరో అన్నారు. ఆ ఒక్కమాటకు లింగం చాలా సంతోషించాడు.

అన్నపూర్ణ అవన్నీ చదివి, జవాబు టైపు చేసి, చెరిపేసి, బండి తీసుకుని ఇస్నాపూర్ వెళ్ళింది. భాండాగారం సంగతి మొగులమ్మకు విడమరిచి చెప్పింది. నీ గొంతు అక్కడ వందేళ్ళయినా ఉంటుంది పెద్దమ్మా అంది.

మొగులమ్మ మొహం వెలగలేదు. "వందేండ్లూ ఆ బర్రె రాకుంటనే ఉంటదా అండ్ల?"

"ఉంటుంది మరి."

"ఇజ్జత్ పోయె కద బిడ్డా! నేను పిలిస్తే బర్రె రాలేదని దేశదేశాలకు తెలువాల్నా?" మొగులమ్మ జంగయ్య ఇంటి గోడ వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఆ అమ్మకు ఒక ముక్క రాయి. బర్రె నాది కాదు, జంగయ్యది. దానికి చెవుడు."

"నిజంగా చెవుడా?"

"నువ్వు రాయి."

అన్నపూర్ణ రాసింది. ఆర్నెల్లకు గున్‌హిల్డ్ తమ భాండాగారం కొత్త జాబితా పంపించింది. లింగం దాన్ని తల్లికి తెలుగులో చదివి వినిపించాడు. పిలిచినవారు మొగులమ్మ, ఇస్నాపూర్. పశువు పొరుగువారిది. దానికి వినికిడి లోపం.

"జెర గట్టిగ సదువురా, జంగయ్య అరుగు మీదనే ఉన్నడు," అంది మొగులమ్మ.