చేతికి వేడి తగలని లైటు

ఇంట్లోకి రాగానే భర్త ముందు టీవీ వెనక చెయ్యి పెడతాడు. చెప్పులు ఆ తర్వాత విప్పుతాడు. టీవీ చల్లగా ఉంటే టేబుల్ ఫ్యాను, అదీ చల్లగా ఉంటే ఇస్త్రీపెట్టె. ఎక్కడైనా వేడి తగిలితే అరవడు. "ఇవాళ ఇంట్లో దర్జాగానే గడిచినట్టుందే" అంటాడు. మర్నాటికి ఆ వస్తువు బీరువాలోకి వెళ్ళిపోతుంది, తాళం ఆయన జేబులోకి. టేబుల్ ఫ్యాను ఒకసారి అలా వెళ్ళి ఎండలన్నీ అయ్యాక తిరిగొచ్చింది.

అలాంటి ఇంటికి ఆమె చేపల తొట్టి తెచ్చుకుంది.

పొద్దుటి పూట ఆమె కంటి ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. ఆ తొట్టి అక్కడ రోగులు కూర్చునే గదిలో ఉండేది. దాన్ని కడగడం ఆమె ఉద్యోగంలో లేదు. "ఇంట్లో గిన్నెలు తోమే చెయ్యేగా, ఇదో లెక్కా నీకు?" అని డాక్టరు నవ్వుతూ అప్పగించాడు. చీటీలు రాసే చేత్తోనే ఏళ్ళ తరబడి పాచి గీకింది. గదికి కొత్త రంగులు వేయించినప్పుడు ఆయనకి తొట్టి అడ్డం అనిపించింది. లైటున్న మూతని పనివాళ్ళు పగలగొట్టాక, మిగతాది పారేయమన్నాడు. లోపల రెండు చేపలు, మొక్కలు ఇంకా ఉన్నాయి. ఆమె సగం నీళ్ళు వంపి, తొట్టిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి వచ్చింది.

భర్త దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఉంచుకో, నేనేం కాదన్నానా? కానీ దీనికి కరెంటూ గిరెంటూ అన్నావో, ఒక్కసారి చేతికి వేడి తగిలిందో, మొత్తం తీసుకెళ్ళి బాత్రూంలో వంపేస్తా. చేపలతో సహా."

ఆయన అన్నంత పనీ చేస్తాడు. అదే ఆమె భయం.

తొట్టి పెట్టిన గది కిటికీ పక్కింటి గోడ మీదికి తెరుచుకుంటుంది. వెలుతురు లేక కాడల అడుగున ఆకులు పసుపు పచ్చబడ్డాయి. తర్వాత గాజులా పలచబడి, వేలు తగిలితే విడిపోవడం మొదలుపెట్టాయి. తొట్టికి గాలి మోటారు లేదు. మొక్కలు బతికితేనే చేపలకి ఊపిరి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం చూసిన రోజు, ఆసుపత్రి నుంచి తిన్నగా చేపల దుకాణానికి వెళ్ళింది.

గోడ నిండా నీలం, ఎరుపు లైట్లు వెలుగుతున్నాయి. వాటి ధర చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. దుకాణదారు అది చూశాడు.

"అవి చేపలు అందంగా కనపడ్డానికమ్మా. మీకున్న మొక్కలకి ఇంట్లో వాడే తెల్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. డబ్బా మీద 6500 అని ఉన్నది తీసుకోండి, అది పగటి వెలుతురు లాంటి తెలుపు. క్లిప్పు ఉన్న చదువుకునే దీపం ఒకటి కొని తొట్టి అంచుకి పట్టించండి. రోజుకి ఆరేడు గంటలు. అంతకు మించితే పాచి, తగ్గితే ఆకులు పోతాయి."

"వేడెక్కుతుందా?"

"నీళ్ళకేం కాదు."

"నీళ్ళకి కాదండీ. చేతికి."

ఆయనకి అర్థం కాలేదు. అయినా బల్బు తగిలించి స్విచ్చి వేశాడు. ఆమె తెల్లటి బుడ్డి మీద అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉంది. ఎంత వెలుగు వస్తుందని అడగలేదు. కొనేసింది.

దుకాణంలో అది వెలిగింది కాసేపే. ఇంట్లో మధ్యాహ్నం నుంచి వెలిగాక, సాయంత్రం ఆర్పి ముట్టుకుంటే బుడ్డి గోరువెచ్చగా ఉంది, మెడ దగ్గర మాత్రం చురుక్కుమంది. దీపం రేకు కూడా వేడెక్కింది. ఆ రోజు భర్త ఆలస్యంగా వచ్చాడు కాబట్టి బతికిపోయింది.

అప్పట్నుంచి పక్కింటి పిల్లలు ఆటలు మాని ఇళ్ళకి పోయే వేళకి ఆర్పేసేది. కొన్నాళ్ళకి వాళ్ళు ఆటకి బయల్దేరే వేళకే ఆర్పేసింది. తర్వాత బడి నుంచి వచ్చే వేళకి. భయం రోజూ ఒక అరగంట తినేస్తోంది. ఆకులు మళ్ళీ పలచబడ్డాయి. ఇదంతా అత్తగారు ఎదురు కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతూ చూస్తూనే ఉండేది. ఏమీ అనేది కాదు. ఈవిడ ఎప్పుడో ఒక మాట అనేస్తుంది, నా పని అయిపోతుంది అనుకునేది కోడలు.

ఒక రోజు ఆకుల్ని చూడలేక లైటు ఉండనిచ్చింది. వీధి మలుపులో స్కూటరు చప్పుడైంది. స్విచ్చి ఆర్పి, బల్బు మీద ఊదింది. చీర కొంగుతో విసిరింది.

అత్తగారు కత్తి, కూరగాయల పళ్ళెం పక్కన పెట్టి లేచింది. వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి, ప్లగ్గు పీకి, బల్బు మెడకి చుట్టింది.

"ఊదితే ఏం చల్లారుతుంది అమ్మాయ్? ఇలా చుట్టాలి. ప్లగ్గు తీశాకే. మొదట్లో నాకది తెలీక..." అని చూపుడువేలు చాపింది. కొసన చర్మం తెల్లగా నున్నగా ఉంది. కూర మాడ్చుకున్నప్పటి మచ్చ అని పెళ్ళైన కొత్తలో చెప్పిన వేలే అది.

"మీ మామగారు రేడియో ముట్టుకుని చూసేవారు. వీడు అప్పుడు ఇంతవాడు. నాన్న చెయ్యి పెడితే తనూ పరిగెత్తుకెళ్ళి పెట్టేవాడు. ముద్దొచ్చేది."

స్కూటరు గుమ్మం దాటి ముందుకి పోయింది. ఎవరిదో.

అత్తగారు గుడ్డని ఇంకో పక్కకి తిప్పి చుట్టింది. చెయ్యి తిరిగిన పని. "ఆయన పోయేదాకా ఒక్కసారి కూడా నేను దొరకలేదు, తెలుసా?" అంది. ఆ గొంతులో గర్వం ఉంది.

కోడలు ఆ గుడ్డని చూసింది. అంచులు చిరిగి, మెత్తబడి, ఎన్నిసార్లు పిండిందో తెలియని గుడ్డ. ఆ కుర్చీలో కూర్చుని, చేతిలో ఆ గుడ్డతో, ఇంకెవరికో ఎలా చుట్టాలో చెబుతున్న మనిషి కళ్ళ ముందు కనపడింది. ఆ మనిషి అత్తగారు కాదు, తనే. స్కూటరు చప్పుడుకి పుట్టిన భయం దీని ముందు చిన్నదైపోయింది.

గుడ్డ విప్పి అత్తగారి చేతిలో పెట్టింది. బల్బుని పొడి తువ్వాలుతో తడి లేకుండా తుడిచింది. ఆరేదాకా ఆగి ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసింది. మొక్కల మీద తెల్లటి వెలుగు పడింది.

"అమ్మాయ్, వాడొచ్చే వేళైంది."

"రానివ్వండి అత్తయ్యా."

ఈసారి స్కూటరు గుమ్మం ముందే ఆగింది. ఆమె తొట్టి పక్కనుంచి కదల్లేదు. కుళ్ళిన ఆకొకటి తుంచబోతే నీళ్ళు బయటికి చిందాయి. ఆయన వచ్చాడు. చెయ్యి టీవీ వెనక్కి వెళ్ళింది, ఫ్యాను మీదికి వెళ్ళింది. తలెత్తి వెలుగు చూశాడు. అయినా అలవాటుగా చెయ్యి దీపం వైపే వచ్చింది.

"ముట్టుకుని చూడక్కర్లేదండీ, వెలుగుతూనే ఉంది" అంది ఆమె. "ఇంకో గంట వెలగాలి."