గడ్డి కింద విన్న మాటలు

పొద్దున ఏడున్నరకి ఆవిడ తలుపుకి తాళం వేస్తుంది. లాగి చూస్తుంది. నాలుగు మెట్లు దిగి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తుంది. ఏడేళ్ల పాప బడిసంచి తగిలించుకుని, మెట్ల మీద నిలబడి అదంతా చూస్తూ ఉంటుంది. ఏమీ అనదు.

పాపని బడిలో దింపి ఆవిడ లాండ్రీకి వెళ్తుంది. ఆస్పత్రి దుప్పట్లు మడతపెట్టే పని. మిషన్ల రొదలో అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పాప తండ్రి ఓడ మీద పనిచేస్తాడు. రేవు తగిలినప్పుడు ఫోన్ చేసి, "పాప ఏమంటోంది?" అంటాడు. "బాగానే ఉంది" అంటుంది ఆవిడ.

పాప మాట్లాడటం మానేసి ఏడాది కావస్తోంది. చెవులు, గొంతు అన్నీ బాగున్నాయన్నారు ముగ్గురు డాక్టర్లు. శుక్రవారం లోపల తన ఎదుట ఒక్క మాటైనా మాట్లాడకపోతే దూరంగా ఉన్న హాస్టల్ బడికి పంపక తప్పదని పెద్ద టీచరు చెప్పేసింది. వారానికోసారి ఇంటికి పంపిస్తారట.

ఆ వారమే గడ్డిలోంచి పొడుగుకాళ్ల పురుగులు లేచాయి. చూడటానికి పెద్ద దోమల్లా ఉంటాయి. కాళ్లు దారపు పోగుల్లా వేలాడుతుంటాయి. అందరూ కిటికీలు బార్లా తెరిచారు. ఆవిడ ఒక్కతే కిటికీ అంచులకి టేపు అంటించింది. కిందటేడు వాళ్లు ఈ ఇంట్లో దిగేసరికి పురుగుల రోజులు అయిపోయాయి, అందుకని ఆవిడకి తెలీదు.

"టేపు తీసెయ్యమ్మా, అవి కుట్టవు" అన్నాడు కింద గడ్డి కోస్తున్న తోటమాలి.

"ఇంతింత దోమలు కుట్టవా తాతా?"

"దోమలు కావు. ఏడాదంతా గడ్డి కింద వేళ్లు కొరుక్కుంటూ పైన మనం మాట్లాడేవి వింటాయి. రెక్కలొచ్చాక ఇంక తిండి మాటే లేదు. విన్నది విన్న గొంతుతోనే చెప్పేసి, నాలుగు రోజుల్లో పోతాయి."

కింది వాటాలో బట్టలు కుట్టే ఆమె, గోడ మీద వాలిన పురుగుకి దగ్గరగా కుర్చీ జరుపుకుంటూ, "మా ఆయన దగ్గు నిన్న వంటింట్లో వినపడింది. చచ్చి ఆర్నెల్లయినా నా చారు మీద సణుగుడు మానలేదు" అంది.

గురువారం సాయంత్రం స్నానాల గది కన్నంలోంచి ఒకటి లోపలికొచ్చి, పాప మంచం పైన గోడకి వాలింది. పాప కింద గడ్డిలో ఆడుకుంటోంది. ఆవిడ చెప్పు ఎత్తి కొట్టింది. దెబ్బ తప్పింది కానీ ఒక కాలు ఊడి గోడకి అతుక్కుపోయింది. మిగిలిన అయిదు కాళ్ల మీద నిలబడి, పురుగు సన్నగా రెక్కలు ఆడించింది.

"అమ్మ ఇవాళ తాళం నాలుగుసార్లు చూసింది" అంది పాప గొంతుతో. "కడుపునొప్పి అని ఒకసారి చెప్తే అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. ఏం చెప్పినా భయపడుతుంది. అందుకని నీకే చెప్తున్నా."

ఆవిడ చెప్పు కింద పెట్టి, పక్క మీద కూర్చుండిపోయింది. చాలాసేపటికి లేచి కిటికీల టేపంతా ఒలిచేసింది.

మర్నాడు పురుగు మీద గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, కాళ్లు నలగకుండా, పాపతోబాటు బడికి తీసుకెళ్లింది. పెద్ద టీచరు బల్ల మీద కాగితాలు జరిపి చోటు చేసింది. కళ్లజోడు తీసి, గ్లాసుకి చెవి ఆనించింది.

"ఈ గొంతు నాకు తెలిసింది కాదే" అంది.

"మీరెప్పుడూ వినలేదు కదండీ" అంది తల్లి.

గ్లాసు ఎత్తారు. పురుగు బల్ల మీద రెండడుగులు తడబడి వేసి, మొదలుపెట్టింది. "అమ్మ ఇవాళ తాళం నాలుగుసార్లు చూసింది..."

"అది అప్పుడు" అంది పాప. వాడకం లేక బొంగురుపోయిన గొంతు. "ఇప్పుడు ఆరుసార్లు."

తల్లీ, పెద్ద టీచరూ పాప వైపు తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందేమోనన్నట్టు పురుగునే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి పెద్ద టీచరు హాస్టల్ కాగితాన్ని మడిచి సొరుగులో పడేసింది.

సోమవారం ఏడున్నరకి ఆవిడ తాళం వేసింది. నాలుగు మెట్లు దిగి ఆగింది. చెయ్యి గోడకి ఆనించి నిలబడి, వెనక్కి మాత్రం తిరగలేదు.

"తాళం వేశానా?" అని అడిగింది.

"వేశావమ్మా" అంది పాప.