కోడలు మూసిన కంతలు

మా కోడలు తీజా ఆ రోజు పొద్దున టాంకా కంతల్లో గోనెగుడ్డలు కుక్కి బంకమట్టి మెత్తుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వాకిట్లో నేల తవ్వి కట్టుకున్న ఆ టాంకాలో నిలిచే వాననీళ్లే మాకు ఏడాదంతా తాగునీరు. వాన దిగడానికే ఆ మూడు కంతలు. వాటినే మూసేస్తుందా!

మామతో కోడలు నేరుగా మాట్లాడే అలవాటు మా ఇళ్లలో లేదు. ముసుగులోంచి అత్తకే చెప్పింది.

"అత్తా, వరదొస్తోందని మైకులో చెప్పారు. బురదనీళ్లు దిగాయంటే ఉన్న మంచినీళ్లూ పాడైపోతాయి. మామని కూడా ఇసకదిబ్బ మీదికి రమ్మను."

"బార్మేర్ ఎడారిలో వరదా? ఒంటెలు ఈత కొడతాయని కూడా చెప్పారా ఆ మైకులో?" అన్నాను.

"కొట్టవత్తా. మా పుట్టింటి ఊళ్లో రెండు కొట్టుకుపోయాయి."

నా భార్య పెంపా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దాంతో నాకు ఇంకా మండింది. వాళ్లిద్దరూ మేకల్ని తోలుకుని దిబ్బకేసి నడవగానే మూడు కంతల్లోంచీ గుడ్డలు పీకి పారేశాను. ఆరేళ్ల కరువు చూసినవాణ్ణి, వచ్చే నీళ్లకు అడ్డం పెడతానా? ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం మా నెత్తిన మబ్బు తునకైనా లేదు. అయినా ఎగువనెక్కడో కురిసిన వానకి ఎండిన వాగు హోరెత్తింది. ముళ్లకంపలు, చచ్చిన గొర్రెలు, ఎవరిదో నులకమంచం, అన్నీ ఎర్రనీళ్లలో దొర్లుకుంటూ వచ్చాయి. బాబోయ్, అరవై ఏళ్లలో అలాంటిది చూడలేదు. దిబ్బ ఎలా ఎక్కానో నాకే తెలియదు.

మూడోనాటికి వరద తీసి మా వాకిలి బయటపడింది. దిబ్బ మీద నలభై మందిమి, బిందెలన్నీ ఖాళీ. పొరుగింటి గవరీ చంటిపాప జ్వరంతో, నాలుక పిడచకట్టుకుని ఏడుస్తోంది.

"మా కోడలు కంతలు మూసిందమ్మా! ఊళ్లో టాంకాలన్నీ పోయినా మాది భద్రం," అని పెంపా అందరికీ చాటింది. "నీ కడుపు చల్లగా ఉండ తల్లీ," అని ముసలాళ్లు తీజాని దీవించారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ నోరు విప్పలేదు.

తీజా వెళ్లి టాంకాకి బిగించిన మూత తీసి బిందెడు నీళ్లు తోడుకొచ్చింది. కంతల మీద ఒండ్రు మేటవేసి ఉండటంతో ఆమెకేం తెలియలేదు. బురద అడుక్కి దిగి నీళ్లు పైకి తేటగానే ఉన్నాయి. గ్లాసు ముంచి పాప పెదాలకు ఆనించింది.

ఒక్క గెంతున వెళ్లి ఆ గ్లాసు ఎగరగొట్టాను.

"తాగించొద్దు! ఆ గుడ్డలు నేనే పీకేశాను!"

తీజా బిందెడు నీళ్లూ ఇసకలో వంపేసింది. పాప ఆ తడి వైపు చేతులు చాస్తూనే ఉంది.