ఎడం చేతి రాత

వంటింటి గట్టు మీద తడి తుడిచి, పాత కాగితం ఒకటి పరిచి, దాని మీద మా పెద్దదాని నోటుపుస్తకం పెట్టుకున్నాను. పెన్సిలు ఎడం చేతిలోకి మార్చుకున్నాను. కుక్కరు మూడో కూత వెయ్యడానికి ఇంకా టైముంది. పక్కగదిలో చంటిది నిద్రపోతోంది. రెండు వాక్యాలకొకసారి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను. దానికి పది నెలలు నిండాయి, అయినా నాకా అలవాటు పోలేదు. "ఈ వారం నేను ఆకుల గురించి నేర్చుకున్నాను" అని రాయాలి. కుడి చేత్తో రాస్తే దొరికిపోతాను. నా కుడి చేతి రాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటుంది. ఎడం చేత్తో రాస్తే అక్షరాలు గాలికి ఒరిగిన కంచెలా పడతాయి, అచ్చం ఏడేళ్ళ పిల్ల రాసినట్టు. ఒకటి రెండు తప్పులు కావాలనే రాస్తాను. ఆ తర్వాత ఫోనుతో ఫొటో తీసి, బడివాళ్ళ యాప్‌లో మా గువ్వ ఫోల్డర్‌లో పెట్టేస్తాను. గువ్వ అంటే మా పెద్దది. దీంతో కలిపి నేను పెట్టినవి పంతొమ్మిది.

ఈ ఫోల్డర్ గురించి బడి తెరిచిన మొదటి వారంలోనే తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పారు. ఇకనుంచి మార్కులొక్కటే కాదట, ప్రతి పిల్లకీ ఫోనులో ఒక పోర్ట్‌ఫోలియో ఉంటుందట. పిల్ల గీసిన బొమ్మ, రాసిన మాట, చదివిన గొంతు, అన్నీ అందులో ఏడాది పొడుగునా పోగవుతాయట. దానికి తోడు 'నా చదువు మూల' అని ఇంకోటి ఉంది. పిల్ల తనకి నచ్చిన పాఠాలు, వీడియోలు, తనకొచ్చిన ప్రశ్నలు అందులో దాచుకోవచ్చు. ఏది చూస్తే దాని తర్వాతది అదే చూపిస్తుంది. "తప్పులు కూడా పెట్టండమ్మా. తప్పులోంచి పిల్ల ఎలా బయటపడిందో, మాకు అదే కావాలి," అంది క్లాసు టీచరు. నేను వెనక వరుసలో చంటిదాన్ని భుజాన వేసుకుని, అది కక్కుతుందేమోనని చూసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ చెప్పినవన్నీ విన్నాను, ఆ ఒక్క మాట తప్ప. పక్కనున్న తల్లులు ఫోనుల్లో రాసుకుంటుంటే, నేను నా చెప్పుల వంక చూసుకుంటున్నాను.

నా చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. మా అమ్మకి ఆపరేషన్ అయింది, ఇంట్లో ఇద్దరు చిన్నవాళ్ళు. "ఈ ఒక్క ఏడాదికి ఆగవే," అన్నాడు నాన్న. ఎవరూ నన్ను బడి మానమనలేదు, ఆగమన్నారంతే. అలాగే ఆగి ఉన్నాను. సైన్సు రికార్డులో ఆకు బొమ్మ వేసి భాగాలు రాయడం సగంలో ఉంది. టీచరు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉండిపోయింది. పెళ్ళయ్యాక ఎవరైనా ఏం చదివావని అడిగితే మా అత్తగారు నాకంటే ముందే అందుకునేది. "చదువుదేముందిలెండి, మా కోడలు వంట బాగా చేస్తుంది."

ఫోల్డర్ కోసం బడివాళ్ళిచ్చిన మొదటి పని గింజలు మొలకెత్తించడం. గువ్వ నాలుగు చిక్కుడు గింజల్ని తడి దూదిలో పెట్టింది. పాపం వాటికి దాహం వేస్తుందని గంటకోసారి గ్లాసుడు నీళ్ళు పోసింది. మూడో రోజుకి కుళ్ళి వాసనేశాయి. అది ఏడవలేదు. నల్లటి చుక్క ఒకటి గీసి, "గింజ మునిగిపోయింది" అని రాసింది. నేను అదే ఫొటో తీసి పెట్టాను. ఫోల్డర్‌లో ఏది పెట్టినా మా ఆయన ఫోనుకి కూడా కబురు వెళుతుందని నాకప్పటికి తెలీదు. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టారు. "మిగతా పిల్లలవి చూశావా? జానెడు మొక్కలు. మనదేమో కుళ్ళిపోయిన గింజ. రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా, ఆ మాత్రం చూసుకోలేవా?" గువ్వ తలుపు చాటున నిలబడి వింటోంది. నేను ఆ ఫొటో తీసేశాను. మర్నాడు ఇంకో నాలుగు గింజలు నేనే నానబెట్టాను. దూది ఎంత తడపాలో, వెలుతురు ఎటు నుంచి రావాలో చూసుకున్నాను. రోజూ స్కేలుతో కొలిచి, ఎడం చేత్తో రాశాను. ఆరో రోజుకి తెల్లటి వేరు కిందికి వంగింది. నిజం చెప్పాలంటే, ఆ పూట గువ్వని పిలిచి చూపించాలని కూడా నాకు తోచలేదు. అంత సంతోషంగా ఉంది నాకు.

ఆ ఫొటోకి మా ఆయన, భేష్ అన్నట్టు, పైకెత్తిన బొటనవేలి గుర్తు పంపారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నేను చేసిన పనికి ఆయన దగ్గర్నుంచి అలాంటిది రావడం అదే మొదలు. అదైనా నాకని కాదు. "చూశావా అమ్మా, బుర్ర అచ్చం నాదే," అన్నారు అన్నం ముందు కూర్చుని. అత్తయ్య నవ్వింది. "మరి? మన వైపు ఎవరు తక్కువ తిన్నారు? తల్లి పోలిక వచ్చుంటే ఈపాటికి పొయ్యి దగ్గర కూర్చునేది." నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన గ్లాసులో నీళ్ళు పోశాను. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వేధిస్తుంది. ఎందుకంటే అది ఉత్తుత్తి నవ్వు కాదు. లోపల ఎక్కడో నాకు నిజంగానే గర్వంగా ఉంది. పిల్ల పేరు చాటున దాక్కుని మెప్పు తింటున్నాను, అది కూడా రుచిగానే ఉంది.

తర్వాత అదే వ్యసనమైంది. గువ్వ 'చదువు మూల' తెరిచి, చంటిదానికి పాలిస్తూ ఒక పాఠం, బట్టలు మడతపెడుతూ ఒక పాఠం చూసేదాన్ని. ఆకు పచ్చగా ఎందుకుంటుంది, ఉప్పు నీళ్ళలో ఎటు పోతుంది, మేఘం బరువెంత. ఒకటయ్యాక అదే ఇంకోటి చూపించేది. రెండో తరగతివి అయిపోయాయి, ఐదువి వచ్చాయి, ఏడువి వచ్చాయి. నేనెవరో, ఎంతవరకు చదివానో దానికి తెలీదు. అడగనూ అడగలేదు. ఒకరోజు ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాల పాఠం వచ్చింది. నా రికార్డులో సగంలో వదిలేసిన బొమ్మ అదే. బంగాళాదుంపలు చెక్కుతున్న కత్తి అక్కడే పెట్టి, రంగు పెన్సిళ్ళు తెచ్చుకుని పూర్తిగా వేశాను. ఈనెలు, అంచులు, రంధ్రాలు, అన్నిటికీ పేర్లు. పొయ్యి మీద కూర అడుగంటింది. ఆ పూట మాడు కూరకి ఆయన చేత మాటలు పడ్డాను. ఆ చేత్తోనే ఆయన ఆ ఆకు బొమ్మని తన ఫోను తెర మీద పెట్టుకున్నారు.

ఇదంతా జరుగుతుంటే గువ్వ రెండు సార్లు అడిగింది. "అమ్మా, నాది ఎప్పుడు పెడతావు?" అని. రేపు పెడదాం నాన్నా అన్నాను రెండు సార్లూ. మూడోసారి అడగలేదు. అడగడం మానేసిందని నేను గమనించను కూడా లేదు.

పోయిన సోమవారం క్లాసు టీచరు ఫోను చేసింది. శనివారం హాల్లో, తల్లిదండ్రులందరి ముందు, ముగ్గురు పిల్లలు తమ పోర్ట్‌ఫోలియోలు తెర మీద చూపించి మాట్లాడాలట. అందులో గువ్వ ఒకతి. "మీ పాప ఎనిమిదో తరగతి పాఠాలు చూస్తోందమ్మా. మేమంతా ఆశ్చర్యపోతున్నాం. ఇంట్లో మీరు చెప్తారా? మీరేమైనా టీచరా?" "లేదండీ. నేను ఇంట్లోనే," అన్నాను. "మరి వాళ్ళ నాన్నగారి పోలికేమో," అంది ఆవిడ నవ్వుతూ. అవునండీ అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆయన శనివారం సెలవు పెట్టుకున్నారు. అత్తయ్య కొత్త చీర తీసి పెట్టుకుంది. నేను సోమ, మంగళ, బుధ, మూడు రోజులు పిల్లని కూర్చోబెట్టి వల్లె వేయించాను. "పత్రరంధ్రం అంటే ఏంటి?" "ఆకు... ఆకు ముక్కు." "ముక్కు కాదే. మళ్ళీ చెప్పు." "నాకు రాదమ్మా." "రాకపోతే అందరి ముందు నవ్వులపాలవుతావు." అలా అన్నది నేనే. మా ఆయనా కాదు, అత్తయ్యా కాదు. పిల్ల నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మీటింగులో చెప్పుల వంక చూసుకున్నది ఆ చూపుతోనే.

గురువారం బడి నుంచి వచ్చాక చప్పుడు లేదు. పిల్లలు చప్పుడు చెయ్యకపోతే నాకు గుండె దడ. వెళ్ళి చూస్తే, మంచం పక్కన నేల మీద బోర్లా పడుకుని ఏదో రాస్తోంది. పెన్సిలు ఎడం చేతిలో ఉంది. నాలుక కొస బయటపెట్టి, మణికట్టు మెలితిప్పి, ఒక్కో గీతా ఈడుస్తోంది. కాగితం రెండు చోట్ల చిరిగింది.

"అదేంటి గువ్వా, ఆ చేత్తో ఎందుకు రాస్తున్నావు?"

"ఫోల్డర్‌కి అలాగే రాయాలి కదా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు రాస్తావుగా." తలెత్తకుండానే అంది. "కుడి చేత్తో రాసినవి బాగోవు. అందుకేగా నావి పెట్టవు. ఇది బాగా వస్తే పెడతావా?"

మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి లాగింది. అందులో దాని బొమ్మలు, మడతలు పెట్టిన కాగితాలు ఉన్నాయి. అడుగున చిన్న పొట్లం. విప్పితే నల్లగా ఎండిపోయిన చిక్కుడు గింజ. పొట్లం కాగితం మీద కుడి చేతి రాత. "నేను నీళ్ళు ఎక్కువ పోశాను. ఈసారి చెంచాతో పోస్తాను."

నేనెన్ని పాఠాలు చూశాను, ఎన్ని వీడియోలు చూశాను. టీచరు మొదటి మీటింగులో అడిగిన ఒకే ఒక్క సంగతి ఈ డబ్బాలో ఉంది, నాలుగు నెలలుగా, మంచం కింద. నన్ను మధ్యలో ఆపినవాళ్ళ మీద ఇన్నేళ్ళు లోలోపల పళ్ళు నూరాను. నా కూతుర్ని మాత్రం ఎవరూ ఆపలేదు. నేనే ఆపాను. దాని గదిలోకి వెళ్ళి, దాని కుర్చీలో నేను కూర్చుని, నువ్వు బయట ఆగవే అన్నాను. ఈ సిగ్గుని ఏ పేరు పెట్టి పిలవాలో నాకు తెలీదు. నేల మీద దాని పక్కనే కూలబడ్డాను. దాని ఎడం చేతిలోంచి పెన్సిలు తీసి, కుడి చేతిలో పెట్టాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఫోను తీసి ఫోల్డర్ తెరిచాను. ప్రతి పేజీ కింద 'చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో ముందే పిల్ల పేరు ఉంటుంది కాబట్టి దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. తీసేద్దామా అనుకున్నాను. తీసేస్తే ఎవరికీ తెలీదు, ఫోల్డర్ ఖాళీ అవుతుంది, పాపకి ఒంట్లో బాగోలేదని శనివారం దాటెయ్యొచ్చు. తీసెయ్యడం నాకు అలవాటే. కానీ ఆ మొదటి ఫొటో తీసెయ్యబట్టే కదా ఇంతదూరం వచ్చింది. గడిలో పిల్ల పేరు కొట్టేసి, "అమ్మ" అని రాశాను. మొలకలు, అమ్మ. ఉప్పు నీళ్ళు, అమ్మ. మేఘాలు, అమ్మ. రెండు సార్లు తప్పు పడింది, దిద్దాను. పంతొమ్మిదోది ఆకు బొమ్మ. దాని కింద, నేనేం నేర్చుకున్నాను అన్నచోట, ఇంకో రెండు ముక్కలు రాశాను. "ఇవన్నీ పాపవి కావు. పదో తరగతిలో నేను సగంలో వదిలేసిన బొమ్మని, పాప ఫోల్డర్‌లో, పాపని పక్కకి నెట్టి పూర్తి చేశాను."

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన.

"ఏంటిది? ఇందాకట్నుంచి ఆగకుండా మోగుతోంది నా ఫోను. మీటింగులో ఉన్నాను. ఏది తెరిచినా అమ్మ, అమ్మ, అమ్మ అని వస్తోంది. యాప్ పాడైందా?"

"లేదండీ. ఇప్పుడే సరిగ్గా వస్తోంది."

"అంటే?"

"అవన్నీ నేను చేసినవండీ. పిల్లవి కావు."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. నేను చెవి దగ్గర ఫోను గట్టిగా నొక్కుకున్నాను. తిట్లు పడతాయని తెలుసు. శనివారం, అత్తయ్య చీర, టీచరు ముఖం, అన్నీ వరుసగా కళ్ళ ముందుకి వచ్చాయి. భయం పోలేదు. ఇప్పటికీ పోలేదు.

"మరి ఆ ఆకు?" అన్నారు.

"అదీ నేనే."

"దాన్ని ఆఫీసులో అందరికీ చూపించాను," అన్నారు. గొంతు సన్నగా ఉంది, ఆయనది కానట్టు. అది సిగ్గని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో అది నా ఒక్కదాని దగ్గరే ఉండేది.

"మళ్ళీ మాట్లాడతాను," అని పెట్టేశారు.

గువ్వ పొట్లం కాగితాన్ని నేల మీద అరచేత్తో చదును చేసింది. గింజని దాని మధ్యలో పెట్టి, నా వంక చూసింది. ఫోను దాని చేతికిచ్చాను.

"నువ్వే తియ్యి," అన్నాను. "నువ్వే పెట్టు."

ఫొటో మసగ్గా వచ్చింది. మళ్ళీ తీద్దామా అనబోయి, నోరు మూసుకున్నాను.