పాయలో దోమతెర

నేను ఒక దోమతెరను. అయినా దోమల కంటే చేపపిల్లలనే ఎక్కువగా చూశాను.

మిల్లులో పుట్టి, గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవి పక్కనున్న ఊరికి చేరాను. పెమ్మాడి ధనకొండ, అతని భార్య వీరకాంతం నన్ను మంచానికి కట్టుకున్నారు. కొన్నాళ్లకు ధనకొండ చూపు నా సన్నని కన్నుల మీద పడింది. ఇందులోంచి రొయ్యపిల్ల కూడా జారదనుకుని, అడుగున సీసం గుళ్లు కుట్టి నన్ను వలగా మార్చాడు. ఏ వస్తువునూ ఉన్నట్టు ఉండనివ్వరు ఈ మనుషులు.

అతను పడవ మీద సముద్రానికి వెళ్తే, ఆమె నన్ను పాయలో లాగేది. రొయ్యపిల్లలను రొయ్యల చెరువులవాళ్లకు అమ్మేందుకు బిందెలో వేసుకుని, మిగతా చేపపిల్లలను బురదలో దులిపేసేది. కాకులు బాగా ఒళ్లు చేశాయి. ధనకొండ పడవ మాత్రం నానాటికీ ఖాళీగా తిరిగొచ్చేది.

పండుగప్ప చేపలు ఎటో పోయాయని అతను విసుక్కుంటున్న ఒక పొద్దున, వీరకాంతం నాలో చిక్కిన వేలెడంత పిల్లను ఎత్తి చూసింది. నుదుటి మీద తెల్లటి చార. పండుగప్ప పిల్లే.

“ఎక్కడికీ పోలేదు మావా. ఇక్కడే చంపేత్తన్నాను,” అంది.

ధనకొండ ఒప్పుకోలేదు. పెద్ద చేపలు మింగేవి ఎన్ని, పాయ ఉప్పెక్కి మేత లేక చచ్చేవి ఎన్ని, మడచెట్లు నరికేస్తే దాక్కునే చోటు లేక పోయేవి ఎన్ని, వాటి ముందు నీ గుప్పెడు ఒక లెక్కా అన్నాడు.

“అన్నీ తప్పించుకుని వచ్చినవాటిని మనవెందుకు ఆపాలి?” అంది ఆమె.

రొయ్యపిల్లల డబ్బు వదులుకుని ఆ పని మానుకోవడం ఆ ఇంటికి చిన్న విషయం కాదు. అయినా మానేసి, వీరకాంతం ఎండుచేపల బుట్ట నెత్తికెత్తుకుని ఊళ్లు తిరిగింది. చెట్లు నరికేసిన గట్టున మడ మొక్కలు నాటి, మేకలు మేయకుండా చుట్టూ కర్రలు పాతి నన్ను కట్టింది. ధనకొండ నవ్వాడు. కానీ సముద్రపు పోటుకు నా కర్రలు ఒరిగితే, ఆమె ఇంట్లో లేనప్పుడు వచ్చి సరిచేసేది అతనే.

మొక్కలు నన్ను దాటి ఎదిగాయి. నేను చిరిగి, ఒక కర్రకు పీలికనై మిగిలాను. పోటు నీళ్లు మడచెట్ల వేళ్ల మధ్యకు రాగానే, వాటితోపాటు చేపపిల్లలూ వస్తాయి. వాటిలో తెల్లచార ఉన్నవీ కనిపిస్తున్నాయి.

మొన్న పొరుగింటి నాగూరు తన పడవను ఆ వేళ్ల మీదుగా లాగబోతుంటే, ధనకొండ గట్టు మీంచి ఆపాడు.

“అటు తిప్పరా నాగూరూ. మా పిల్లలున్నారక్కడ.”

నాగూరు కంగారుగా చుట్టూ వెతికాడు. ఎవరూ కనబడలేదు. పడవను మాత్రం తిప్పాడు.