కాలవలో పడని తాళంచెవి

నేను ఒక తాళంకప్పను. ఇత్తడి ఒళ్ళు, పైన ఇనప వంకీ, అరచేతిలో పట్టేంత పరిమాణం. ప్రస్తుతం కోర్టు సామాన్ల గదిలో, ఒక కత్తిపీటకీ రెండు నాటుసారా సీసాలకీ నడుమ, గుడ్డలో చుట్టి లక్కముద్ర వేయించుకుని పడున్నాను. ఈ గది తలుపుకి ఇంకో తాళంకప్ప వేలాడుతోంది. తాళంకప్పకి తాళంకప్పని కాపలా పెట్టాలని మనుషులకే తోస్తుంది. నేను నేరమేమీ చేయలేదు. నేను సాక్ష్యాన్ని. సాక్ష్యాన్నన్న మాటే గానీ నన్నెవరూ ఏమీ అడగలేదు, అడిగినా చెప్పడానికి నాకు నోరు లేదు. ఉండి ఉంటే ఒక ఆడమనిషి బతుకు ఏమైపోయేదో తలుచుకున్నప్పుడు, లేకపోవడమే మేలనిపిస్తుంది.

నేను ఉత్తరాదిలో, తాళాలు చేసే ఊళ్ళో పుట్టాను. ఇత్తడి కరిగించి పోసినవాడు ఒకడు, ఆకురాయి పెట్టి రాసినవాడు ఇంకొకడు. చివరగా నా కడుపులో బిళ్ళలు అమర్చిన ముసలాయన నాకొక మొండిగుణం కూడా పెట్టాడు. తెరిచి ఉన్నంతసేపు నేను తాళంచెవిని వదలను. లాగినా, గుంజినా రాదు. వంకీని నొక్కి మళ్ళీ మూస్తేనే చెవి బయటికొస్తుంది. తాళం వేయడం మరిచిపోయి చెవి జేబులో వేసుకుపోయే మతిమరుపు మనుషుల కోసం ఆ ఏర్పాటు. నాకు రెండు చెవులిచ్చి, దారంతో కట్టి పంపించారు. రాజమండ్రిలో ఒక ఇనప సామాన్ల కొట్లో రెండేళ్ళు దుమ్ము తిన్నాక నన్ను రత్నాజీ గారు కొన్నారు.

రత్నాజీ గారిది కోనసీమలో కాలవగట్టున కొబ్బరి పీచు మిల్లు. కొబ్బరి డొక్కల్ని లోపలికి వేస్తే ఇనప పళ్ళున్న పెద్ద డ్రమ్ము గిర్రున తిరిగి చీల్చి పీచు చేస్తుంది. ఆ పీచు అప్పుడప్పుడు డ్రమ్ము ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుపోతుంది. అప్పుడు స్విచ్చు ఆపి, ఒక మనిషి పక్క తలుపులోంచి పాక్కుంటూ లోపలికి దూరి కొడవలితో కోసెయ్యాలి. నేను రావడానికి ముందు అలా దూరిన కూలీ ఒకడు లోపల ఉండగానే ఎవరో స్విచ్చు వేశారట. మనిషి బతికాడు గానీ కుడిచెయ్యి పోయింది. దాంతో ఫ్యాక్టరీల ఇన్స్పెక్టరు వచ్చి గట్టిగా రాసిపోయాడు. లోపలికి దిగేవాడు స్విచ్చుపెట్టెకి తాళం వేసుకుని మరీ దిగాలి, చెవి వాడి ఒంటిమీదే ఉండాలి, రెండో చెవి అంటూ ఉండకూడదు.

రత్నాజీ గారికి తతంగాలంటే ప్రాణం. నన్ను స్విచ్చుపెట్టె ముందు పెట్టి పసుపు రాయించి, కొబ్బరికాయ కొట్టించి, నలభై మంది కూలీలూ చూస్తుండగా రెండో చెవిని కాలవలోకి విసిరారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాలవలో పడింది ఆయన పాత బీరువా చెవి. నాది ఆయన చొక్కా జేబులో భద్రంగా ఉంది. ఖర్చుపెట్టి కొన్న వస్తువుని నీళ్ళపాలు చేయడానికి ఆయనకి చేతులు రాలేదు, అంతే. అప్పటికి ఆయన మనసులో వేరే చెడు ఉందని నేను అనుకోను.

మొదటి చెవి ఫిట్టరు భూషణం మొలతాడెక్కింది. అతను మాటకారి కాదు, పనికారి. డ్రమ్ములోకి దిగేముందు నన్ను స్విచ్చు పిడికి వేసి, చెవి తీసుకుని, రెండుసార్లు కిందికి లాగి చూసేవాడు. అన్నేళ్ళలో ఆ రెండు లాగుళ్ళు ఒక్కరోజు తప్పలేదు. పైకి వచ్చాక మాత్రం ఒళ్ళంతా పీచుధూళి, దురద. తాళం తీయడం తరవాత, ముందు కాలవలో రెండు మునకలు. తడిబట్టలతో తిరిగొచ్చి అప్పుడు నన్ను తీసేవాడు. ఈ పావుగంట మిల్లు ఊరికే ఉంటోందని రత్నాజీ గారికి ప్రాణం ఉసూరుమనేది.

భూషణం భార్య వీరవేణి అదే మిల్లులో పీచు ఆరబెట్టేది. నేను వేలాడే గోడకి ఎదురుగానే ఆ కళ్ళం. వీరవేణి తమ్ముడు అబ్బులు మిల్లు మేస్త్రి. తల్లీతండ్రీ పోతే పదేళ్ళవాణ్ణి భూషణమే తెచ్చి పెంచాడు, పని నేర్పించాడు, బతిమాలి మేస్త్రిని చేయించాడు. భూషణం కంచంలో చేప నడిముక్క ఎప్పుడూ అబ్బులు కంచంలోకే వెళ్ళేదని కళ్ళంలో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. అటువంటి అబ్బులుని ఒకరోజు పక్కకి పిలిచి రత్నాజీ గారు నా రెండో చెవి చేతిలో పెట్టారు.

"అవసరానికి ఉంచుకోరా. మీ బావతో అనకు, నొచ్చుకుంటాడు," అన్నారు.

మూడు నెలలు అది అబ్బులు బనీను జేబులో ఉంది. ఒక్కసారీ వాడలేదు. అతను చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు ఇంకా సులువుగా ఉండేది.

ఆషాఢమాసం, మబ్బు పట్టిన రోజు. పీచు కోసం లారీ వచ్చి నిలబడింది. డ్రమ్ము బిగుసుకుపోయింది. భూషణం నన్ను పిడికి వేసి, రెండుసార్లు లాగి, లోపలికి దూరాడు. మామూలుగా అరగంట పని. ఆ రోజు తడి డొక్కల పీచు తాడులా పేనుకుపోయి ఎంతకీ తెగలేదు. అరగంట దాటింది, ముప్పావుగంట అయింది. రత్నాజీ గారు అబ్బులుకి ఫోను మీద ఫోను. లారీవాడు వెళ్ళిపోతానంటున్నాడనీ, చెవి జేబులో పెట్టుకుని దిక్కులు చూడటమేమిటనీ ఆయన కేకలు గోడమీదున్న నాకు కూడా వినిపించాయి.

అబ్బులు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. చెవి తీశాడు. వెంటనే దూర్చలేదు. వెనక్కి తిరిగి కళ్ళంలోకి కేకేశాడు.

"అక్కా, బావేడే?"

వీరవేణి వెనక్కి తిరగలేదు. వాన వచ్చేలోపు పీచు పోగుచేయాలని కర్రతో గబగబా లాగుతోంది.

"ఈపాటికి కాలవలో మునుగుతా ఉంటాడ్రా. ఆయనకి దూళి పడదు కదా," అంది.

రోజూ అనే మాటే. అన్న మరుక్షణం మరిచిపోయి, పక్కమనిషితో తూర్పున మబ్బు ఎలా కమ్ముకొచ్చిందో చెప్పుకుంటోంది. అబ్బులు చెవి దూర్చాడు. అది నా సొంత చెవి. తెరుచుకోకుండా ఉండటం నా చేతిలో లేదు. అతను నన్ను తీసి, పిడి పైకెత్తాడు.

ఆ తరవాత వినిపించింది నేను చెప్పను. పిడి కిందికి దించింది కూడా అబ్బులే. అప్పటికే అంతా అయిపోయింది. నలుమూలల నుంచీ జనం పరిగెత్తి వస్తున్నారు. అతను నాలోంచి చెవి లాగబోయాడు. నా మొండిగుణం అతనికి తెలియదు. వంకీ నొక్కితే వచ్చేసేదే. గుంజాడు, మెలితిప్పాడు, ఆఖరికి గోడవారనున్న పెట్టెలోంచి పట్టకారు తీసి విరిచేశాడు. తల అతని గుప్పిట్లో ఉండిపోయింది, ముక్కు నా కడుపులో ఉండిపోయింది. నన్ను కింద పడేసి, బావా బావా అని ఏడుస్తూ తలుపులోకి దూరాడు. ఆ ఏడుపులో దొంగతనం లేదు.

పోలీసులు వచ్చేసరికి రత్నాజీ గారు మాట సిద్ధం చేసి ఉంచారు. తాళం వేయకుండా దిగాడండి, ఎన్నిసార్లు చెప్పినా వినడు, అన్నారు. నేను తెరుచుకుని నేలమీద పడున్నాను, అది చాలింది. శవం మొలతాడు కోసి చెవి తీసి, నాతో కలిపి దారం చుట్టారు. తెరిచి ఉన్న తాళంలో చెవి పెట్టి చూడాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. మృతుడి అజాగ్రత్త అని కాయితం మీద రాశారు.

ఆ ఒక్కమాట ఊరంతా తిరిగింది. దినానికి వచ్చినవాళ్ళు కూడా, అంత జాగ్రత్తపరుడు ఆ రోజు ఏం తాగి దిగాడోనని గొణుక్కున్నారట. వీరవేణికి మొగుడు పోవడం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు అయింది. "మా ఆయన తాళం ఎయ్యకుండా దిగడండి," అని స్టేషన్లో రైటరుకి చెప్పింది, ఇన్స్పెక్టరుకి చెప్పింది, రత్నాజీ గారి గుమ్మంలో నిలబడి చెప్పింది. అందరూ అయ్యో పాపం అన్నారు. ఎవరూ నమ్మలేదు.

ఆరు నెలలకి కేసు మూసేసి, పోయినవాడి సామానని తువ్వాలునీ, చెవినీ, చెవితో పాటే నన్నూ ఆవిడ చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం ఆవిడకి ఏం తోచిందో, మొగుడి చెవి నాలో పెట్టి చూసింది. దూరలేదు. నూనె వేసి చూసింది. దూరలేదు. మర్నాడు సంతలో గొడుగు కింద తాళాలు బాగుచేసే సాయిబు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను వంకీ నొక్కి మూసి, సన్నకొక్కెం పెట్టి కెలికి, విరిగిన చెవి ముక్క బయటికి లాగి, ఆవిడ చెవి పక్కన పెట్టి చూశాడు.

"ఇది దీని రెండో చెవమ్మా. ఇరగ్గొట్టేరు ఎవరో," అన్నాడు.

రెండో చెవి కాలవలో పడటం ఆవిడ కళ్ళారా చూసింది. కానీ ముక్క అరచేతిలో ఉంది. వేసిన తాళాన్ని ఎవరో తీస్తేనే ముక్క లోపలుంటుంది. వేసిన తాళం. ఆవిడ సంతలో నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది, అందుకే నాకు భయం వేసింది. లేచి తిన్నగా తమ్ముడింటికి నడిచింది.

"సూడ్రా అబ్బులూ. మీ బావ తాళం ఏసేడు. ఎవడో తీసేడు. ఆడెవడో నువ్వే కనుక్కోవాలి. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా."

అబ్బులు ముక్కని చూశాడు. కనుక్కుంటానక్కా అనేసి ఉంటే సరిపోయేది. ఆవిడ జన్మలో అనుమానించేది కాదు. అతను లోపలికెళ్ళి బియ్యం డబ్బా వెనకనుంచి చిన్న గుడ్డమూట తెచ్చి, విప్పి, చెవి తలని అక్క అరచేతిలో ముక్క పక్కన పెట్టాడు. రెండూ అతికినట్టు సరిపోయాయి.

ఆవిడ అరవలేదు, కొట్టలేదు. అబ్బులు అంతా చెప్పాడు. రత్నాజీ గారు చెవి ఇవ్వడం, లారీ, ఫోన్లు, పట్టకారు. ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడు.

"మడిసి బయటికొచ్చేడో లేదో ఎవర్నీ అడగలేదా?" అంది ఆవిడ.

నేను ఆవిడ ఒళ్ళోనే ఉన్నాను. అబ్బులు నోరు తెరిచాడు. అక్క మొహంలోకి చూశాడు.

"లేదక్కా," అన్నాడు.

ఆ మర్నాడే తనంతట తాను స్టేషనుకి వెళ్ళాడు. నేను మళ్ళీ సర్కారు చేతుల్లో పడ్డాను. కోర్టులో రత్నాజీ గారు రెండో చెవి సంగతే తనకి తెలియదన్నారు. నలభై మంది ఎదుట కాలవలో వేశానన్నారు. నలభై మందీ వచ్చి నిజమేనన్నారు, వాళ్ళు చూసింది అదే కదా. ఆయన జరిమానాతో బయటపడ్డారు. అబ్బులు తరఫున సర్కారు పెట్టిన కుర్ర ప్లీడరు మాత్రం మంచివాడు. ఎవరో ఒకరు, మనిషి లోపల లేడని చెప్తేనే స్విచ్చు వేశావని ఒక్కమాట చెప్పు, శిక్ష తగ్గుతుంది, అక్కడ ఎవరో ఉండే ఉంటారు కదా అని నన్ను పెట్టిన బల్ల పక్కనే నిలబడి బతిమాలాడు. చివరికి మేజిస్ట్రేటు గారూ అదే అడిగారు. వెనక బల్లమీద వీరవేణి కూర్చుని ఉంది.

"ఎవర్నీ అడగలేదండి," అన్నాడు అబ్బులు.

రెండేళ్ళు వేశారు. తీర్పులో, మృతుడు నియమం ప్రకారం తాళం వేసే లోపలికి దిగాడన్న మాట ఉంది. వీరవేణి గుమాస్తాని బతిమాలి ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని వింది.

అబ్బులుని తీసుకుపోతున్నప్పుడు ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"నేనక్కడే కళ్ళంలో ఉన్నాను కదరా. నన్నడిగినా సెప్పేదాన్ని కదా," అంది.

"బుర్ర పని సెయ్యలేదక్కా," అన్నాడు అబ్బులు. "నిన్నడగాల్సింది."

ఆవిడ మొహం తిప్పుకుని దారి ఇచ్చింది.